బుగ్గ మూతికి గాజు

గోపన్‌పల్లిలో మేముండే అపార్ట్‌మెంటులో వారానికి ఒక పుట్టినరోజైనా ఉంటుంది. పొద్దున పదింటికి వ్యాను వస్తుంది. ఇద్దరు మనుషులు దిగి, క్లబ్‌హౌసులో కరెంటు మిషను పెట్టి, బుర్రుబుర్రున వందల రబ్బరు బుగ్గలు ఊది, దండల్లాగ గుచ్చి, గుమ్మం చుట్టూ కడతారు. సాయంత్రం కేకు కోస్తారు, ఫోటోలు దిగుతారు. ఒక్క బుగ్గ తెంపుకుందామని ఏ పిల్ల చెయ్యి చాపినా తల్లి ఆ చేతి మీద ఒక్కటి వేస్తుంది. డెకరేషన్ పాడవుతుందట! అంతా అయ్యాక ఆ ఇద్దరే మళ్లీ వచ్చి, గుండుసూదులతో టపటపా పేల్చేసి, తోళ్లన్నీ నల్ల కవర్లలో కుక్కి తీసుకుపోతారు. పిల్లలు ఆడుకోని బుగ్గ ఎవరిని ఉద్ధరించడానికి?

నా బిడ్డ హైటెక్ సిటీలో ఒక అద్దాల మేడలో పనిచేస్తుంది. అక్కడా ఇదే తంతు. ఎవరికో కంపెనీలో అయిదేండ్లు నిండితే వాళ్ల కుర్చీకి బుగ్గలు కడతారట. ఆ కుర్చీలో మనిషి మీటింగుల్లో తిరుగుతుంటాడు, బుగ్గలు ఏసీలో వణుకుతుంటాయి. ఇవన్నీ విని, చూసి, నేను ఇంట్లో కూర్చుని తిట్టిపోస్తాను.

"నీకెందుకు బాపూ, నీ బీపీ పెరుగుడు తప్ప?" అంటుంది నా బిడ్డ.

ఎందుకంటే నేను బుగ్గలు చేసినవాణ్ని. బాలానగర్‌లో ఒక రేకుల షెడ్డులో ముప్పై ఏండ్లు చేశాను. బుగ్గ అనేది మా దిక్కు మాట. మా అల్లుడు కోస్తావాడు, బూర అంటాడు. వాళ్ల కూతురు, రెండో తరగతి చదివే నా మనవరాలు, బెలూన్ అంటుంది. ఎవరేమని పిలిచినా లోపల ఉండేది గాలే.

"నేను బుగ్గలు చేసినవాణ్ని" అనే మాట ఎన్నిసార్లు అన్నానో లెక్కలేదు. బస్సులో పక్క సీటువాడికి చెప్పాను, దవాఖానలో డాక్టరుకు చెప్పాను, సంబంధం మాట్లాడటానికి వచ్చిన వియ్యంకుడికి చెప్పాను. ఒక్కరూ కాదనలేదు. మొన్న ఒక పంతులమ్మ కాదన్నది. నా ముఖం మీద అన్నా ఊరుకునేవాణ్నేమో. నా మనవరాలితో, క్లాసు పిల్లలందరి ముందు అన్నది.

సంగతేమిటంటే, బళ్లో బెలూన్ల చరిత్ర మీద ప్రాజెక్టు ఇచ్చారు. ఈ కాలపు ప్రాజెక్టు సంగతి మీకు తెలిసిందే. ఫోన్లో నొక్కితే గుమ్మంలోకి అట్టపెట్టె వస్తుంది. అందులో థర్మకోలు, రంగుకాగితాలు, జిగురు, ఎలా అతికించాలో బొమ్మలు. అమ్మానాన్నలు రాత్రి కూర్చుని అతికిస్తారు, పిల్లలు పొద్దున మోసుకుపోతారు. నా మనవరాలికి ఆ పెట్టెతో పనిలేదు. బుగ్గ చరిత్ర దానికి ఉగ్గుతోనే పెట్టాను.

నాకు బడి చదువు లేదు. అక్షరాలు షెడ్డులోనే పట్టుకున్నాను. బుగ్గల పొట్లాలు కట్టడానికి పాత పేపర్లు, చినిగిన పుస్తకాలు మూటలకొద్దీ వచ్చేవి. తిండి తినే అరగంటలో వాటిని కూడబలుక్కుని చదివేవాణ్ని. ఒకనాడు పిల్లల సైన్సు పుస్తకంలోని నాలుగు కాగితాలు దొరికాయి. వాటిలో ఉన్నది బుగ్గ చరిత్రే! ఇన్నాళ్లూ ఆ కాగితాల్లోనే కదా బుగ్గలు కట్టి పంపింది, ఎన్ని సంగతులు చదవకుండా పంపేశానో అని ఆ రోజు ఎంత కడుపు మండిందో చెప్పలేను.

ఫ్రాన్సు దేశంలో కాగితాలు చేసే ఇంటి అన్నదమ్ములు ఇద్దరు గుడ్డా కాగితం కలిపి పెద్ద సంచి చేసి, కింద గడ్డి కాల్చి పైకి లేపారట. లేపింది వేడిగాలి అని వాళ్లకు తెలియదు, పొగలోనే మహత్తు ఉందనుకున్నారు. ఆ తర్వాత రాజుగారి ముందు ఎగరేసినప్పుడు అందులో ఎక్కింది మనిషి కాదు. గొర్రె, బాతు, కోడిపుంజు. మా మనవరాలికి ఈ భాగం అంటే ప్రాణం.

"గొర్రె భయపడ్డదా తాతా?"

"గొర్రెకేం భయం బిడ్డా! కింద కత్తి ఉంటది, పైన ఏముంటది? గాలే కద."

మన రబ్బరు బుగ్గ పుట్టింది లండన్‌లో. దాన్ని చేసిన సైంటిస్టు చిన్నప్పుడు పుస్తకాలు కుట్టే దుకాణంలో పనికి కుదిరి, కుట్టడానికి వచ్చిన పుస్తకాలే చదివి పైకొచ్చినవాడు. ఆ ముక్క చదివిన రోజు నేను అన్నం తినలేదు, అంత సంతోషం. ఆయన రెండు పచ్చి రబ్బరు ముక్కలు తీసుకుని, లోపల అంటుకోకుండా పిండి చల్లి, చుట్టూ అంచులు నొక్కి అతికించి, గ్యాసు నింపాడు. అంతే, బుగ్గ!

వాళ్లందరికంటే ముందు మా ఊరి పోరగాళ్లమే చేశామని నా వాదన. మేకను కోసిననాడు కోసేవాడి చుట్టూ మూగి, దాని ఉచ్చబుడ్డ అడిగి తెచ్చుకుని, బూడిదలో పొర్లించి కాలితో మర్దన చేసి, జొన్నకర్ర పుల్ల పెట్టి ఊదేవాళ్లం. కంపు కొట్టేది. అయినా దాన్ని తన్నుకుంటూ పొద్దంతా ఆడేవాళ్లం.

ఇదంతా నా మనవరాలు క్లాసులో చెప్పింది. మేక ఉచ్చబుడ్డ దగ్గర పిల్లలు ఛీ అన్నారట, పోనీ. చివర్లో "మా తాత బాలానగర్‌లో చేత్తో బెలూన్లు చేసేవాడు" అన్నదట. పంతులమ్మ నవ్వి, "బెలూన్లు ఫ్యాక్టరీలో మెషిన్లు చేస్తాయమ్మా, చేత్తో ఎవరూ చెయ్యరు. పెద్దవాళ్లు సరదాకు కథలు చెప్తారు, అవి ప్రాజెక్టులో పెట్టకూడదు" అన్నదట. వెనక బెంచీవాళ్లు 'లయర్ లయర్' అని పాట కట్టారట. ఇది ఏడుపు ఆపుకుని, "సోమవారం తెచ్చి చూపిస్తా" అని అక్కడే అందరి ముందూ ఒట్టేసింది.

గురువారం సాయంత్రం ఇదంతా చెప్పి, నా మోకాలు పట్టుకుని అడిగింది.

"తాతా, నువ్వు నిజంగనే చేసినవా?"

వెనక బెంచీవాళ్లు అన్నదానికి నాకు కోపం వచ్చింది. ఈ ప్రశ్నకు కోపం కూడా రాలేదు. లోపల గాలి పోయినట్టయింది. సోమవారానికి ఒక్క బుగ్గ చేసి దీని చేతిలో పెట్టకపోతే, బళ్లో దీని మాట పోతుంది, ఇంట్లో నా మాట పోతుంది.

"చేసిన. మళ్ల చేస్త. చూస్తుండు" అన్నాను.

మా బిడ్డ ఆఫీసు నుంచి వచ్చి విన్నది. "బాపూ, టీచరుకు నేను మెసేజ్ పెడ్తగని, గీ వయసుల నీకెందుకు పరేషాన్?" అన్నది. మెసేజ్ ఎందుకు? ముప్పై ఏండ్ల పనికి మెసేజ్ సాక్ష్యమా?

శుక్రవారం పొద్దున్నే బాలానగర్ పోయాను. మా షెడ్డు ఉన్నచోట ఇప్పుడు కార్లు కడిగే దుకాణం ఉంది. దాన్ని చూడకుండా తల తిప్పుకుని నడిచాను. రబ్బరు పాలు దొరికే దుకాణం కోసం మధ్యాహ్నం దాకా తిరిగాను. చివరికి ఒక సందులో దొరికింది. బొమ్మలకు అచ్చులు తీసేవాళ్లూ, మాస్కులు చేసేవాళ్లూ కొంటారట. ఆ దుకాణంవాడు నాకంటే నలభై ఏండ్లు చిన్నోడు. "దేనికి పెద్దాయనా?" అన్నాడు. "బుగ్గలకు" అన్నాను. "ఇగ బుగ్గలెవరు చేస్తున్నరు ఇక్కడ?" అని నవ్వాడు. నవ్వేవాళ్లకు కొదవ లేదు ఈ పట్నంలో.

అచ్చు నా దగ్గరే ఉంది. షెడ్డు మూసేసిన రోజు ఒక కర్ర అచ్చు జేబులో వేసుకొచ్చాను. చిన్న సొరకాయ ఆకారంలో, నున్నగా, మెడ సన్నగా ఉంటుంది. మనవరాలు దానికి గౌను తొడిగి ఇన్నాళ్లూ బొమ్మలా ఆడుకుంది. గౌను విప్పించాను.

శనివారం బాల్కనీలో పని మొదలుపెట్టాను. పద్ధతి చెబుతాను. ముందు అచ్చును, పాలు గడ్డకట్టించే మందునీళ్లలో ముంచాలి. ఆరాక ఎర్ర రంగు కలిపిన రబ్బరు పాలలో ముంచాలి. తొందరపడకూడదు, దించేటప్పుడు నెమ్మది, లేపేటప్పుడు ఇంకా నెమ్మది. లేపాక తిప్పుతూ ఉండాలి, లేకపోతే పాలు ఒక చోటికి జారి బొట్టు కడుతుంది. ఆ బొట్టు ఉన్న బుగ్గ ఊదితే పక్కనే పలచబడి పేలుతుంది. నా చెయ్యి ఏదీ మరవలేదు. మొదటిసారి అచ్చు లేపగానే పాలు మీగడలా సమంగా పట్టాయి. మనవరాలు చప్పట్లు కొట్టింది.

అప్పుడు మొదలయింది రభస. రబ్బరు పాల వాసన ముక్కు పగిలేలా ఉంటుంది. పై అంతస్తువాళ్లు అపార్ట్‌మెంటు గ్రూపులో 'గ్యాస్ లీకవుతోందా?' అని పెట్టారు. ఇంకెవరో 'ఎలుక చచ్చిందేమో' అన్నారు. అయిదు నిమిషాల్లో సెక్యూరిటీవాడు తలుపు కొట్టాడు. మా అల్లుడు వాడికి సర్ది చెప్పి పంపి, ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని బాల్కనీలోకి వచ్చాడు.

"మామయ్యగారూ, మీరేమీ అనుకోకండి. ఎంతసేపండీ ఇది?"

"బుగ్గ అయ్యేదాక."

"అదేనండీ, ఎంతసేపు అవుతుందని..."

"ముప్పై ఏండ్లల్ల ఎన్నడు ఎవరు అడగలే గీ మాట" అన్నాను. పాపం, మంచివాడు. తలుపు దగ్గరగా వేసి వెళ్లిపోయాడు.

పాలు ఆరి, తోలు కట్టింది. ఇక ఒలిచి తియ్యడమే. మెడ దగ్గర గోరుతో లేపి లాగాను. సర్రున చిరిగింది. రెండోది చేశాను. అదీ చిరిగింది. అప్పుడు గుర్తొచ్చింది: బుగ్గ మూతికి సన్నటి చుట్టు ఉంటుంది కదా, అది లేదు. మా షెడ్డులో దాన్ని గాజు అనేవాళ్లం. ఆ గాజు పట్టుకునే బుగ్గను అచ్చు నుంచి ఒలుస్తారు. ఊదేటప్పుడు పెదవులకు పట్టు దొరికేదీ దానివల్లే. అది లేని బుగ్గ, కుట్టు లేని బట్ట అంచులాగ, ముట్టుకుంటే చిరుగుతుంది.

సరే, చుట్టుదాం, ఇదెంత పని అనుకున్నాను. మూడోసారి అచ్చు ముంచి, ఆరబెట్టి, చేతులకు అంటుకోకుండా మనవరాలి పౌడరు చల్లి, అంచు పట్టుకుని కిందికి చుట్టాను. చుట్టినంతసేపూ చుట్టుకుంది. చెయ్యి తియ్యగానే చాప విప్పినట్టు విప్పుకుపోయింది. మళ్లీ చుట్టాను. మళ్లీ విప్పుకుంది. నాలుగోసారి నేను అచ్చును నేలకేసి కొట్టబోయాను.

మనవరాలు పక్కన పీటమీద కూర్చుని చూస్తోంది. మెల్లగా అన్నది: "తాతా, ఆ లండన్ తాత పిండి లోపల చల్లిండు కద. అంచులకు చల్లలేదు కద."

నిజమే. పొడి తగిలితే పచ్చి రబ్బరు తనకు తాను అంటుకోదు. ఆ సంగతి దానికి చెప్పింది నేనే. పుస్తకంలోది నోటికి వచ్చింది గానీ చేతికి రాలేదు.

పొడి లేకుండా ప్రయత్నించాను. ఈసారి రబ్బరు నా వేళ్లకే అంటుకుని, పేలికలు పేలికలుగా ఊడొచ్చింది. చపాతీ పిండి నీళ్లెక్కువైనట్టు. సాయంత్రం దాకా ఎన్ని చేశానో! బాల్కనీ గచ్చు నిండా ఎర్రటి తునకలు. మా బిడ్డ చీపురు తెచ్చి ఒక మూల నిలబడింది. ఆ చీపురు చూస్తేనే నాకు ఎక్కువ మంట.

ఇక్కడ నేనొక సంగతి ఒప్పుకోవాలి. ఒప్పుకోవడం నాకు అలవాటు లేదు.

మా షెడ్డు మధ్యలో ఒక గోనె పరదా ఉండేది. ఇవతల ముంచేవాళ్లం, మగవాళ్లం. వరుసలుగా అచ్చులు బిగించిన చెక్కను ముంచి, లేపి, తిప్పి, పరదా కిందనుంచి అవతలికి తోసేవాళ్లం. అవతల వేడిగది. అక్కడ ఆడవాళ్లు. చెక్క మళ్లీ మా దగ్గరికి వచ్చేటప్పటికి బుగ్గలు ఒలిచేసి ఉండేవి, అచ్చులు ఖాళీగా కడిగి ఉండేవి. మధ్యలో ఏమయిందో నాకు తెలియదు. ముప్పై ఏండ్లలో ఒక్క గాజు చుట్టలేదు, చుట్టుతుంటే చూడలేదు. తెలియదన్న సంగతి కూడా ఆ శనివారం దాకా నాకు తెలియదు.

అవతల గాజులు చుట్టినామె నంబరు నా ఫోన్లో ఉంది. మా సేటు చనిపోయిన రోజు అందరం కలిసినప్పుడు తీసుకున్నాను, ఎన్నడూ కలపలేదు. ఇప్పుడు బాచుపల్లిలో కొడుకు దగ్గర ఉంటుందని తెలుసు. ఆదివారం పొద్దున రెండు చాయలు తాగి, ధైర్యం తెచ్చుకుని కలిపాను. సంగతంతా చెప్పాను. విని చాలాసేపు నవ్వింది.

"చెల్లె, నవ్వుడు తర్వాత. ఎట్ల చుట్టాలెనో చెప్పు" అన్నాను.

"ముప్పై ఏండ్లు ఆ గోనె పట్టాకు ఇవతల నేను, అవతల నువ్వు. ఒక్కనాడన్న లేపి చూసినవా అన్నా?"

"ఆడోళ్లు ఉన్న దిక్కు ఎట్ల చూస్తం?"

"ఆడోళ్ల దిక్కు ఎవరు చూడమన్నరు? పని దిక్కు చూడొద్దా?"

ఫోను ఈ చెవి నుంచి ఆ చెవికి మార్చుకున్నాను. ఆమే అన్నది: "ఫోన్ల చెప్తే వచ్చే పని గాదది. అడ్రసు చెప్పు, నేనే వస్త."

రెండు బస్సులు మారి, ఎండలో నడిచి వచ్చింది. గేటు దగ్గర ఆపేశారు. యాప్‌లో వివరాలు నింపాలట. సెక్యూరిటీవాడు ఆమె చీర, చేతిలో సంచి చూసి, పనిమనిషి అని నొక్కి, సామాను లిఫ్టులో పొమ్మన్నాడు. నేను కిందికి దిగి వాడిమీద లేచాను. "మా ఇంటికొచ్చిన చుట్టాన్ని గిట్లనా చూసేది?" అని అరిచాను. వాడు బిక్కమొహం వేశాడు. ఆమె నా భుజం తట్టింది.

"పోనీ అన్నా. పనికే కద పిలిచినవు. నువ్వు చుట్టం అనుకుని ఎన్నడు పిలిచినవ్ గనక?"

ఆమె సంచి నేను అందుకుని, సామాను లిఫ్టులోనే పైకి తీసుకొచ్చాను.

బాల్కనీలో కూర్చుని, నేను ముంచి ఆరబెట్టిన అచ్చును చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. "ముంచుడు మాత్రం మంచిగనే ముంచినవ్, మస్తు సాఫ్‌గ ఉంది" అన్నది. ముప్పై ఏండ్లలో నా పనిని మెచ్చుకున్న మొదటి మాట అది. ఆ తర్వాత గిన్నెలో నీళ్లు అడిగి, బొటనవేళ్లు తడిపి, విదిల్చి, అంచు మీద పెట్టింది. పౌడరు లేదు, ఏమీ లేదు. బీడీ ఆకు చుట్టినట్టు, అచ్చును తిప్పుతూ, వేళ్లతో కిందికి దొర్లించింది. నేను కళ్లజోడు సవరించుకునే లోపల అయిపోయింది. మూతికి సన్నటి ఎర్ర గాజు, ఎక్కడా ముడి లేదు.

"మళ్ల చూపియ్యి" అన్నాను.

"నీకు కాదు, పిల్లకు చూపిస్త. నీ వేళ్లు లావు" అని మనవరాలిని దగ్గరికి లాక్కుంది. "చూడు బిడ్డా, తడి ఎక్కువుంటె జారుతది, తక్కువుంటె అంటుకుంటది. మొదలువెట్టినంక ఆగొద్దు. ఆగితె అక్కడ ముడి పడ్తది."

పిల్ల రెండు చేతులూ తడుపుకుని కూర్చుంది. నేను ముంచడం, ఆరబెట్టడం, అందించడం. వాళ్లు చుట్టడం. చెడిపోయినప్పుడల్లా ఇద్దరూ పడీపడీ నవ్వడం. నాకు మాత్రం ఒళ్లు మండుతూనే ఉంది, ఎవరి మీదో సరిగ్గా తెలియక.

మధ్యలో మా బిడ్డ చాయ తెచ్చి, ఆమె వేళ్లు చూసి ఆగింది. బొటనవేళ్లు రెండూ గాజు ముక్కల్లా నున్నగా మెరుస్తున్నాయి.

"ఏమైందమ్మా?"

"గాజులు చుట్టి చుట్టి అరిగినయ్ బిడ్డా. రేషన్ దుకాణంల మిషన్ మీద పెడితే నా వేలు పడదు. నువ్వు నువ్వే అని ఎట్ల నమ్మాలె అని అడుగుతరు. కండ్లు చూపిచ్చి తెచ్చుకుంట."

నేను నా బొటనవేలు చూసుకున్నాను. గీతలన్నీ స్పష్టంగా ఉన్నాయి. ఏ మిషను మీద పెట్టినా పడుతుంది.

"అమ్మమ్మా, పౌడర్ ఎవరు చల్లేది మరి?" అని అడిగింది మనవరాలు.

"గాజు చుట్టినంక, ఒలిచేటప్పుడు అంటుకోకుండ చల్లేటందుకు ఇద్దరు అక్కచెల్లెండ్లు ఉండేటోళ్లు. పొద్దుగూకేవరకు పిండి బొమ్మల లెక్క తెల్లగ అయితుండ్రి. మీ తాతకు ఎరుకే కద."

మనవరాలు నా వైపు తిరిగింది. "వాళ్ల పేర్లేంది తాతా?"

నేను చాయ తాగుతున్నట్టు నటించాను.

సాయంత్రానికి పిల్ల చేతికి పని పట్టుబడింది. బడికి తయారైన బుగ్గ పట్టుకుపోతే లాభం లేదని తనే అన్నది, "కొనుక్కొచ్చినవు అంటరు" అని. కాబట్టి గాజు చుట్టని అచ్చే పట్టుకుపోయి, అక్కడే చుట్టాలని తీర్మానించింది. నేను అన్నిసార్లకంటే జాగ్రత్తగా అచ్చును మళ్లీ ముంచాను. పొడి తగలకుండా, టిఫిన్ డబ్బాలో నిలబెట్టి, చుట్టూ తడిబట్ట కూరి ఇచ్చాను. బాచుపల్లి చెల్లెను బస్సు ఎక్కించి వచ్చాను. ఈసారి మామూలు లిఫ్టులోనే దించాను.

సోమవారం బడి బస్సు మూడున్నరకు వస్తుంది. రెండున్నర నుంచే గేటు దగ్గర ఎండలో నిలబడ్డాను. సెక్యూరిటీవాడు కుర్చీ ఇస్తానన్నాడు, వద్దన్నాను. బస్సు దిగిన పిల్ల ముఖంలో ఏమీ తెలియలేదు. బ్యాగు నా చేతికిచ్చి, ముందు నీళ్లు తాగింది.

"ఏమైందే? చెప్పు!"

"చుట్టిన."

"మధ్యల ఆగినవా?"

"ఆగలే. అందరు లేచి నిలబడి చూసిన్రు. ఊదితే ఒక దిక్కు లావుగ అయింది, వంకాయ లెక్క. మస్తు నవ్విన్రు."

"లయర్ అన్నరా మళ్ల?"

"ఊహూ. నాక్కూడ చుట్టుడు నేర్పియ్యి అని అడిగిన్రు."

"మేడం ఏమన్నది? అది చెప్పు నాకు."

"ముందు నా చేతులు చూసింది. తర్వాత, ఓ, మీ తాతగారు నిజంగానే చేసేవారా అన్నది."

నా ఛాతీ అరంగుళం లేచింది. "నువ్వేమన్నవ్?"

"లేదు మేడం, మా తాత ముంచేటోడు అన్న. బాచుపల్లి అమ్మమ్మ గాజు చుట్టేది. ఇంక ఇద్దరు పౌడర్ చల్లేటోళ్లు, వాళ్ల పేర్లు తాతకు తెలువదు అన్న."

గేటు ముందు నిలబడి ఉన్నాను. పిల్ల మాట నిలబడింది. దాని కోసమే కదా నాలుగు రోజులు పడ్డ పాట్లు. అయినా, మీతో దాపరికం ఎందుకు, నాకు కోపమే వచ్చింది. ఆ చివరి ముక్క చెప్పకపోతే ఏం పోయేది? తాత చేసేవాడు అని ఊరుకుంటే పంతులమ్మ ఒప్పుకునేది కదా! ముప్పై ఏండ్లు డాక్టర్లకూ వియ్యంకులకూ నేను చెప్పిన దాన్ని, ఏడేండ్ల పిల్ల ఒక్క మాటలో సరిదిద్దింది, అదీ నన్ను అబద్ధాలకోరు కాకుండా కాపాడుతూ.

ఇంటికొచ్చి బాచుపల్లికి ఫోన్ కలిపాను.

"పిల్ల చుట్టిందా అన్నా?"

"చుట్టింది. ఆగకుండ చుట్టింది."

"శెభాష్. మరి నువ్వు?"

"నాకెందుకు ఇప్పుడు?"

"అట్లయితే ఎందుకు కలిపినవ్ ఫోను?"

"ఆ పౌడర్ చల్లేటోళ్లు... వాళ్ల పేర్లు చెప్పు చెల్లె" అన్నాను.

చెప్పింది. ఒక కాగితం మీద రాసుకున్నాను. ఇద్దరిలో పెద్దామె లేదట, ఊపిరి సరిగా ఆడక పోయిందట.

క్యాన్‌లో ఇంకా బెత్తెడు రబ్బరు పాలున్నాయి. ఎక్కువ రోజులు నిల్వ ఉండవు, గడ్డకట్టిపోతాయి. మా అల్లుడు రోజుకొకసారి వచ్చి, క్యాన్ వంక చూసి, ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని వెళుతున్నాడు. నేను పొద్దున్నే బాల్కనీలో కూర్చుని అచ్చు ముంచుతున్నాను, ఆరబెడుతున్నాను, బొటనవేళ్లు తడుపుకుని విదిల్చి అంచు మీద పెడుతున్నాను. సగం దాకా మంచిగానే వస్తుంది. అక్కడ వేలు ఆగిపోతుంది. ముడి పడుతుంది.